ద్రాక్ష వద్దన్నారు, పంపరపనస తిన్నాం

మా మావయ్య రెండేళ్ళు ద్రాక్షపళ్ళు ముట్టలేదు. పెళ్ళిలో ఫ్రూట్ సలాడ్ కప్పు చేతికిస్తే, చెంచాతో ఒక్కో ద్రాక్షా ఏరి పక్కన పెట్టి మిగతాది తినేవాడు. ఎవరైనా చూసి నవ్వితే "మనకి పడదురా, డాక్టర్లు రాసిచ్చేరు" అనేవాడు, కాస్త గర్వంగానే. పథ్యం గట్టిగా చేసేవాళ్ళకి ఆ గర్వం ఉంటుంది. అదే మనిషి పెరట్లో కాసిన పంపరపనసలు మాత్రం వదల్లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ పేర్లు పేపర్లో కనిపిస్తే పక్కన కిడ్నీ అనే మాట ఉంటుందని చదవకుండానే చెప్పేయొచ్చు. ఒకప్పుడు కొబ్బరి, జీడి, పనస గుర్తొచ్చేవి. ఇప్పుడు బయట ఎక్కడైనా మా ఊరి పేరు చెబితే "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడుగుతారు. ఉంది. మా మావయ్యకి షుగరు లేదు, తాగుడు లేదు. అన్నం సయించక, పాదాలు వాచి పరీక్ష చేయిస్తే రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడగట్టాల్సిన మలినం, 7 దాటేసింది. పదకొండు నెలలు డయాలసిస్ మీద ఉన్నాడు. 2021లో మా అమ్మ తన కిడ్నీ ఒకటి తీసి ఇచ్చింది. తమ్ముడికి అక్క ఇవ్వకపోతే ఇంకెవరిస్తారని ఆవిడ లెక్క. వాదించడానికి మాకు అవకాశమే ఇవ్వలేదు.

విశాఖలో ఆపరేషన్. డిశ్చార్జి రోజు ఇచ్చిన కాగితాల్లో ఒకటి తినకూడనివాటి జాబితా, ఇంగ్లిషులో. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం, ఆపరేషన్ చక్కగా చేశారు, ఇద్దర్నీ క్షేమంగా పంపారు. వార్డులో ఒకమ్మాయి ఓపిగ్గా ఆ జాబితా చదివి తెలుగులో చెప్పింది. పచ్చి గుడ్డు వద్దు, బయట చట్నీలు వద్దు, బండి మీద కోసి అమ్మే పళ్ళు వద్దు. గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్షపళ్ళు, అవి అసలే వద్దు. నేనూ అక్కడే ఉన్నాను. శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పుకుని బతికేవాణ్ణి, గ్రేప్‌ఫ్రూట్ ద్రాక్ష కాదని నాకు తెలుసు. కానీ బిల్లులు, కారు మాట్లాడటం, అమ్మ కుట్లు, ఆ టెన్షన్‌లో నాకు చెవికెక్కలేదు. కాబట్టి తప్పు పట్టాల్సినవాళ్ళ వరసలో నన్ను కూడా నిలబెట్టండి.

గ్రేప్‌ఫ్రూట్ మన సంతల్లో కనపడదు. నిమ్మ, నారింజ, బత్తాయిల కుటుంబం దానిది. పంపరపనస, తియ్య నారింజ కలిసి ఎప్పుడో కరీబియన్ దీవుల్లో పుట్టిన సంకరం. అంటే అమ్మానాన్నల్లో ఒకరు మా పెరట్లోనే ఉన్నారు. ఆ పండులో ఏ పదార్థం గురించి డాక్టర్లు భయపడతారో అదే పంపరపనసలోనూ ఉంది. ఆ ముక్క జాబితాలో లేదు. ఆ జాబితా ఎవరో ఎక్కడి నుంచో తెచ్చి అచ్చేయించినది, వాళ్ళ ఇళ్ళల్లో పంపరపనస చెట్టు లేదు.

2023 వినాయక చవితికి ఎప్పటిలాగే పాలవెల్లికి మొక్కజొన్న పొత్తులు, వెలక్కాయలు, నాలుగు పంపరపనసలు కట్టారు. ఉద్వాసన చెప్పాక కాయలు దింపి అత్తయ్య కత్తిపీట ముందేసుకుంది. పంపరపనస ఒలవడం ఓపిక పని. పైన ఆకుపచ్చ తొక్క, దాని కింద వేలెడు మందాన దూదిలాంటి తెల్లటి బెండు. అది తీశాక తొనలు. తొన మీది పొర చేదు, దాన్నీ చీల్చి తీస్తే లోపల గులాబీరంగు ముత్యాలు. గిన్నెడు ఒలిచి, పంచదార జల్లి, మావయ్య ముందు పెట్టింది. దేవుడి ప్రసాదం, పైగా ఇంటి చెట్టుది, మందు కొట్టలేదు. ఆ నెలంతా రోజు విడిచి రోజు తిన్నాడు.

వేళ్ళు వణకడం మొదలైంది. టీ గ్లాసు సాసర్లో టకటకలాడేది. బ్యాంకులో సంతకం కలవలేదని రెండుసార్లు తిప్పి పంపారు, అప్పుడుగానీ నాకు ఫోన్ చెయ్యలేదు. విశాఖ తీసుకెళ్ళి రక్తంలో మందు లెవెల్ చేయిస్తే 6 చిల్లర ఉండాల్సింది 14 దాటింది. క్రియాటినిన్ 1.3 నుంచి 1.9కి ఎక్కింది. మాత్రలేమైనా ఎక్కువ వేసుకున్నారా అని డాక్టరుగారు గుచ్చి గుచ్చి అడిగారు. లేదన్నాడు. ద్రాక్షలు తిన్నారా? "ఒట్టు, ఒక్కటి ముట్టుకోలేదండి." ఈ మధ్య కొత్తగా ఏం తిన్నారు? అప్పుడు చెప్పింది అత్తయ్య, పంపరపనస అని. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు.

లెవెల్ అంటే రక్తంలో టాక్రోలిమస్, అదే కొత్త కిడ్నీ నిలవడానికి రోజూ మింగే మందు, ఎంత ఉందో కొలవడం. మా ఇంట్లో దాన్ని టాక్రో అంటాం, చుట్టం పేరులా. ఉదయం తొమ్మిదికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. లెవెల్‌కి రక్తం పొద్దుటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. అందుకే ముందు రోజు రాత్రే విశాఖ చేరి, బంధువుల ఇంట్లో పడుకుని, మాత్ర జేబులో పెట్టుకుని ల్యాబుకి వెళ్తాం. మిల్లీలీటరు రక్తంలో నానోగ్రాముల లెక్క. ఐదుకీ పదికీ మధ్య ఎక్కడో ఉండాలి, మొదటి నెలల్లో కాస్త పైన, తర్వాత కాస్త కింద. తగ్గితే ఒళ్ళు కొత్త కిడ్నీని తిప్పికొడుతుంది. పెరిగితే మందే ఆ కిడ్నీని తినేస్తుంది.

ఈ రెండో వాక్యం దగ్గరే మా ఇంట్లో అందరూ ఆగిపోయారు. కిడ్నీని కాపాడే మందు కిడ్నీని ఎందుకు పాడుచేస్తుంది? ఇది చెప్పాలంటే కాల్సిన్యూరిన్ గురించి చెప్పాలి. ఆ రాత్రి బంధువుల ఇంట్లో, చాప మీద కూర్చుని, రెండు గంటలు అదే చెప్పాను.

కాల్సిన్యూరిన్ మన కణాల్లో ఉండే ఒక ప్రొటీన్. 1979లో అమెరికాలో క్లాడ్ క్లీ బృందం దానికి ఆ పేరు పెట్టింది. కాల్షియంని పట్టుకుంటుంది, మెదడు కణజాలంలో దండిగా దొరికింది, రెండూ కలిపి కాల్సిన్యూరిన్. దాని పని ఒకటే. ఇతర ప్రొటీన్లకి అంటుకుని ఉన్న ఫాస్ఫేట్లని ఊడదీయడం. వినడానికి చిల్లర పనిలా ఉంటుంది. కానీ కణంలో కబుర్లు నడిచేదే ఈ ఫాస్ఫేట్లు తగిలించడంతో, తీయడంతో.

తెల్ల రక్తకణాల్లో టీ కణాలని ఒక రకం ఉన్నాయి. అవి ఒంట్లో తిరుగుతూ పరాయిది దేన్నయినా తాకగానే, కణం లోపల కాల్షియం పెరుగుతుంది. ఆ కాల్షియంని కాల్మోడ్యులిన్ అనే ఇంకో ప్రొటీన్ పట్టుకుని వెళ్ళి కాల్సిన్యూరిన్‌ని తడుతుంది. అప్పటిదాకా కాల్సిన్యూరిన్ తన తోకతో తన నోరే మూసుకుని కూర్చుని ఉంటుంది. తట్టగానే తోక పక్కకి జరుగుతుంది. ఇక అది ఎన్‌ఫాట్ అనే ప్రొటీన్ మీద పడుతుంది. ఎన్‌ఫాట్ ఒంటి నిండా ఫాస్ఫేట్లే, డజనుకి పైగా. అవి ఉన్నంతసేపూ అది కేంద్రకంలోకి పోలేదు, బయటే పడి ఉంటుంది. కాల్సిన్యూరిన్ వాటిని వలిచేస్తే లోపలికి వెళ్ళి జన్యువుల్ని లేపుతుంది. టీ కణాలని పెరగమని చెప్పే ఇంటర్‌ల్యూకిన్-2 తయారవుతుంది. ఒక్క టీ కణం వందలు, వేలవుతుంది. అవన్నీ కలిసి మా అమ్మ కిడ్నీ మీదకి దండెత్తుతాయి. అక్క కిడ్నీయే అయినా వాటికి పరాయిదే.

అత్తయ్య పలాస జీడి బట్టీల్లో పదేళ్ళు పని చేసింది. ఆవిడే మధ్యలో అందుకుంది. "అయితే పప్పు మీద పొట్టు ఉన్నంతసేపూ డబ్బాలోకి పోదు. పొట్టు తీసే మనిషి తీసిందనుకో, పోద్ది. అంతేనా?" అంతే. నేను పదిహేనేళ్ళుగా క్లాసులో ఇంత బాగా చెప్పలేదు.

"మరి టాక్రో ఏటి సేస్తాది, ఆ మనిషి సేతులు కట్టేస్తాదా?" అన్నాడు మావయ్య. కట్టదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. టాక్రోలిమస్ ఒంటరిగా కాల్సిన్యూరిన్‌ని ఏమీ చెయ్యలేదు. కణంలో ముందే ఉన్న ఎఫ్‌కేబీపీ12 అనే చిన్న ప్రొటీన్‌ని జంట కట్టుకుంటుంది. ఇద్దరూ కలిసి వెళ్ళి కాల్సిన్యూరిన్ ముంగిట్లో అడ్డంగా కూర్చుంటారు. చేతులు ఖాళీగానే ఉంటాయి, కానీ జీడిపిక్క చేతి దాకా రాదు. సైక్లోస్పోరిన్ అనే పాత మందు కూడా, వేరే ప్రొటీన్‌ని తోడు తీసుకుని, ఇదే పని చేస్తుంది. ఈ సంగతి బయటపడింది 1991లో, స్టువర్ట్ ష్రైబర్, ఆయన సహచరుల పరిశోధనతో. రెండు మందులూ మట్టిలోంచి వచ్చినవే. సైక్లోస్పోరిన్ నార్వే పీఠభూమి మట్టిలోని బూజు నుంచి, టాక్రోలిమస్ 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి. మట్టి అనగానే మావయ్య ముఖం విప్పారింది. రైతు కదా.

ఇక అసలు ప్రశ్న. కాల్సిన్యూరిన్ టీ కణాల్లోనే ఉంటే ఏ గొడవా లేదు. అది మెదడులో ఉంది, గుండెలో ఉంది, ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో ఉంది, కిడ్నీలోనూ ఉంది. మాత్రకి ఇది టీ కణం, ఇది మెదడు అని తేడా తెలీదు. అందుకే డోసు పెరిగితే వేళ్ళు వణుకుతాయి, కొందరికి ఆపరేషన్ తర్వాత కొత్తగా షుగరు వస్తుంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు బిగుసుకుపోతాయి. రక్తం తగ్గుతుంది, క్రియాటినిన్ ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి అలా సాగితే కిడ్నీలో మచ్చలు కడతాయి. చెడ్డ ప్రొటీన్‌ని మంచి మందు చంపుతోందని మన టీవీ వైద్యులు చెప్పే కథ ఇక్కడ కుదరదు. కాల్సిన్యూరిన్‌లో చెడ్డ ఏమీ లేదు, తన పని తాను చేస్తోంది. మనకి కావాల్సిందల్లా ఆ పని కొంచెం తగ్గడం, పూర్తిగా ఆగకుండా.

మావయ్య కాసేపు ఆలోచించాడు. "మడికి నీరు కట్టినట్టు. గట్టు తెగకూడదు, మడి ఎండకూడదు. అదే కదేటి?"

అదే. ఇక పంపరపనస చేసిందేమిటంటే మడి గట్టు తెంపేసింది. మనం మింగిన టాక్రోలిమస్‌లో సగటున నాలుగో వంతే రక్తంలోకి చేరుతుంది. మిగతాదాంట్లో చాలా భాగాన్ని పేగు గోడలోనూ, కాలేయంలోనూ ఒక ఎంజైమ్ విరిచేస్తుంది. దాని పేరు సీవైపీ3ఏ4. ఆ నష్టం లెక్కేసుకునే డాక్టరు డోసు రాస్తాడు. గ్రేప్‌ఫ్రూట్‌లో, పంపరపనసలో ఉండే ఫ్యూరానోకూమరిన్లు పేగులోని ఆ ఎంజైమ్‌ని పనికిరాకుండా చేస్తాయి. కొత్తది తయారయ్యేసరికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి మాత్ర పొద్దున్న, పండు సాయంత్రం అని వేళలు మార్చుకుంటే లాభం లేదు. రోజు విడిచి రోజు తింటే ఎంజైమ్ ఇక లేవనే లేవదు. పంపరపనస తిని టాక్రోలిమస్ లెవెల్ పెరిగిన కిడ్నీ రోగి గురించి జపాన్ వైద్యులు 2003లోనే రాశారు. గ్రేప్‌ఫ్రూట్ సంగతి అంతకుముందే, 1989లో, కెనడాలో అనుకోకుండా తెలిసింది. డేవిడ్ బెయిలీ అనే పరిశోధకుడు ఒక బీపీ మందు మీద మద్యం ప్రభావం చూద్దామని, ఆ మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపాడు. మద్యం సంగతి పక్కకి పోయింది, రసమే దొంగని తేలింది.

ఇదంతా విన్నాక ఒక లెక్చరర్ మిత్రుడు నాతో పెద్ద వాదనే పెట్టుకున్నాడు. ఏ వివేకవంతుడైనా అనే మాటే అన్నాడు, అందుకే ఇక్కడ రాస్తున్నా. "ఇదంతా మీ మావయ్యకి ఎందుకు? పంపరపనస అని ఒక్క మాట జాబితాలో చేర్చితే సరిపోదా? ఎంజైమ్‌లు, ఫాస్ఫేట్లు అంటే జనానికి బుర్ర తిరిగిపోతుంది. అసలు సైక్లోస్పోరిన్ అమెరికాలో 1983లో అనుమతి పొందింది, అది కాల్సిన్యూరిన్ మీద పని చేస్తుందని తెలిసింది 1991లో అని నువ్వే చెప్పావ్. ఎనిమిదేళ్ళు డాక్టర్లకే తెలీకుండా మందు పనిచేసింది కదా. రోగికి తెలిస్తే కొత్తగా ఒరిగేదేంటి?"

మందుకి తెలియక్కర్లేదు, నిజమే. ఆ ఎనిమిదేళ్ళలో రోగి చేతిలో డాక్టరు, ల్యాబు, పెద్దాసుపత్రి అన్నీ పక్కనే ఉన్నాయి. మా మావయ్య కవిటిలో ఉంటాడు. ఏడాదిలో మూడువందల అరవై రోజులు ఆయనకి డాక్టరు ఆయనే. దగ్గు వస్తే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తాడు. ఆయన క్లారిత్రోమైసిన్ రాశాడనుకోండి, అది కూడా అదే ఎంజైమ్‌ని ఆపుతుంది, లెవెల్ పెరుగుతుంది. టీబీ వచ్చి రిఫాంపిసిన్ మొదలెడితే తిరగబడి ఎంజైమ్ రెట్టింపు ఉత్సాహంతో పనిచేస్తుంది, లెవెల్ పడిపోతుంది. ఫంగస్‌కి వాడే ఫ్లూకోనజోల్, మూర్ఛకి వాడే ఫెనిటోయిన్, నాలుగు రోజుల విరేచనాలు, ఇవన్నీ ఆ అంకెని అటో ఇటో తోస్తాయి. కోవిడ్ తర్వాత మా ఊళ్ళో ప్రతి చుట్టమూ ఇమ్యూనిటీ వైద్యుడే. "ఇమ్యూనిటీ తగ్గించే మందు మింగుతావేటి, తిప్పతీగ కషాయం తాగు, పెంచుకో" అని మావయ్యకి సలహా ఇచ్చిన మనిషి మా సొంత బాబాయే. ఎంత పొడుగు జాబితా రాస్తారు? రాసినా మళ్ళీ ద్రాక్షలాగే దారి తప్పుతుంది. మా ఇంట్లో పొరపాటు జాబితా లేక జరగలేదు, ఉండగానే జరిగింది. మావయ్య దాన్ని అక్షరం తప్పకుండా పాటించాడు. ఎందుకు వద్దో ఒక్క ముక్క తెలిసుంటే, ఇంత పులుపూ చేదూ ఉన్న పండు చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్కసారి ఫోన్ చేసి అడిగేవాడు.

జనానికి అర్థం కాదన్న మాట దగ్గర నాకు ఇంకా కోపం వస్తుంది. ఉద్దానంలో ఏ అరుగు మీద కూర్చున్నా క్రియాటినిన్ అంకెలు దశాంశాలతో సహా వినపడతాయి. సీరమ్, యూరియా, పొటాషియం, ఫిస్టులా ఇవన్నీ మా ఆడవాళ్ళ నోట్లో పప్పూ చింతపండులా నలిగే మాటలు. ఈ ప్రాంతంలో రెండువేల మందికి పైగా పరీక్షించిన ఒక సర్వేలో నూటికి 18 మందికి కిడ్నీ జబ్బు తేలింది. ఇంతమంది మధ్య పెరిగినవాళ్ళకి ఒక ప్రొటీన్ పేరు బరువా? జీడిపొట్టు పోలిక తెచ్చింది నేను కాదు, అత్తయ్య.

ఇక్కడే ఇంకో సంగతి. అసలు మావాళ్ళ కిడ్నీలు ఎందుకు పోతున్నాయన్నదానికి నీళ్ళు, సిలికా, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు అని చాలా కారణాలు చెబుతున్నారు, ఏదీ తేలలేదు. 2020లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ పరిశోధకులు శ్రీలంక, ఎల్ సాల్వడార్ లాంటి చోట్ల ఇలాంటి జబ్బే ఉన్న రైతుల కిడ్నీ ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. కణాల్లో చెత్తని అరిగించే సంచులు, లైసోజోములు, వంకరగా ఉబ్బి, లోపల నల్లటి గడ్డలతో కనిపించాయి. అచ్చం కాల్సిన్యూరిన్‌ని ఆపే మందులు వాడే రోగుల కిడ్నీల్లో కనిపించేవాటిలాగే. పొలాల్లో వాడే రసాయనం ఏదో అదే దారిలో పనిచేస్తోందేమోనని వాళ్ళ ఊహ. అలాంటి లైసోజోములు ఇతర కిడ్నీ జబ్బుల్లోనూ కనిపిస్తాయని వేరే నిపుణులు వెంటనే అభ్యంతరం చెప్పారు. వాదం నడుస్తోంది. దీన్ని పట్టుకుని ఉద్దానం గుట్టు విప్పేశామని యూట్యూబులో అరిచేవాళ్ళని నమ్మకండి. కానీ ఆ పేపరు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదని ఒప్పుకుంటాను. పాత కిడ్నీలని తీసుకుపోయినదీ, కొత్త కిడ్నీ కోసం రోజుకి రెండుసార్లు మింగుతున్నదీ ఒకే ప్రొటీన్ తలుపు తడుతున్నాయేమోనన్న ఆలోచన అంత తేలిగ్గా వదలదు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఊళ్ళకి పైపుల్లో వంశధార నీళ్ళు తెచ్చారు. ఏ పార్టీ తెచ్చిందో మీరు కొట్టుకోండి, వచ్చినందుకు నాకు సంతోషమే. నేను అడిగేది వాటి పక్కన దుమ్ములాంటి ఖర్చు. కిడ్నీ మార్పిడి అయిన ప్రతి మనిషి చేతికీ తెలుగులో రెండు పేజీలు. అందులో గ్రేప్‌ఫ్రూట్ అనే మాటే ఉండక్కర్లేదు, మా చెట్ల పేర్లు ఉండాలి. కాల్సిన్యూరిన్ అనే పేరు ఉండాలి, అదేం చేస్తుందో నాలుగు వాక్యాల్లో ఉండాలి. పక్కన కూర్చుని అరగంట చెప్పే మనిషి ఉండాలి, చెప్పాక రోగి చేత తిరిగి చెప్పించుకోవాలి. ద్రాక్ష తప్పు అక్కడికక్కడే దొరికేది ఆ తిరిగి చెప్పించుకోవడంలోనే.

పండు మానేసి, డోసు సర్దాక మూడు వారాల్లో లెవెల్ 7కి దిగింది. క్రియాటినిన్ 1.4 దగ్గర నిలబడింది. ఆ పాయింటు ఒకటి మాత్రం వెనక్కి రాలేదు. అమ్మకి ఆ అంకె చెప్పలేదు. ఆవిడ ప్రతిసారీ "నాది బాగుందా?" అని అడుగుతుంది, తన ఒంట్లో మిగిలినదాని గురించి కాదు.

చెట్టు కొట్టేద్దామన్నాను. మావయ్య ఒప్పుకోలేదు, వాళ్ళ నాన్న నాటింది. పోయినేడు చవితికి నేను వెళ్ళేసరికి పాలవెల్లి కాయలు బుట్టలో వేసుకుని వీధరుగు మీద కూర్చున్నాడు. చేతులు వణకట్లేదు. ఎదురింటి కోడలు కాయ కోసం వస్తే ఇవ్వకుండా పట్టుకుని అడుగుతున్నాడు.

"మీ మావగారు బీపీకి ఏ మాత్రేసుకుంటన్నాడమ్మా? పేరు కాదు, డబ్బా పట్రా. సూసి ఇస్తాను."